కూర్చున్నోళ్ళ బొమ్మ

ఏప్రిల్ పద్నాలుగు దగ్గర పడుతున్న రోజుల్లో మా పల్లెలో ఒక తగువు వచ్చింది. తగువంటే కొట్లాట కాదు. అంబేద్కర్ భవనం గోడకి కొత్తగా సున్నం వేశాం. తెల్లటి గోడ ఖాళీగా ఉంది. దాని మీద ఏం బొమ్మ వెయ్యాలి అన్నది తగువు.

కుర్రాళ్ళు తలా ఒక మాట అన్నారు. కారంచేడు వెయ్యాలి అన్నాడొకడు. చుండూరు వెయ్యాలి, గోనెసంచుల్లో కట్టి కాలవలో పడేసిన శవాలు వెయ్యాలి, చూసినోడి కడుపు రగలాలి అన్నాడు ఇంకొకడు. తగలబడే గుడిసెలు అన్నాడు మరొకడు. అన్నీ నిజాలే. ఒక్కటీ అబద్ధం కాదు. 1985ని మర్చిపోతే, 1991ని మర్చిపోతే మనం మనుషులమే కాదు.

అప్పుడు మెట్ల మీద కూచున్న ఒక పెద్దావిడ అడిగింది. "ఒరే అబ్బాయిలూ, మనం సచ్చినప్పుడే బొమ్మ ఏత్తారా? బతికున్నోళ్ళం పనికిరామా?"

ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ముప్ఫయ్యేళ్ళుగా కరపత్రాలు రాస్తున్నా, పోస్టర్లు వేయిస్తున్నా. నేను వేయించిన పోస్టర్లన్నీ ఒకసారి కళ్ళముందు తిరిగినాయి. అన్నీ శవాలే, ఏడుపులే, బిగించిన పిడికిళ్ళే. ఒక్కదాంట్లో కూడా మన మనిషి తీరిగ్గా కూచుని లేడు.

ఆ రాత్రి, హైదరాబాదులో చదువుకునే మా పల్లె కుర్రాడొకడు తన సెల్లులో ఒక బొమ్మ చూపించాడు. అమెరికాలోని ఒక నల్లజాతి కళాకారుడు చెక్క మీద చెక్కి అచ్చువేసిన బొమ్మ. దాని గురించే ఈ వ్యాసం. మనకీ ఆ బొమ్మకీ ఏం సంబంధం అంటారా? చివరిదాకా చదవండి, తర్వాత తిట్టండి.

యాభై అడుగుల బొమ్మ

ఆయన పేరు కెర్రీ జేమ్స్ మార్షల్. ఉండేది చికాగోలో. ఆ బొమ్మ 1998-99లో చేశాడు. దానికి పేరు కూడా పెట్టలేదు. పన్నెండు కాగితాలు పక్కపక్కన పెడితే ఒక్క బొమ్మ అవుతుంది. ఎత్తు ఎనిమిది అడుగులు, పొడవు దగ్గర దగ్గర యాభై అడుగులు.

సెల్లులో చూస్తే ఆ కొలత తెలియదు. అరచేతిలో ఇమిడిపోతుంది. అందుకని మర్నాడు పొద్దున్నే పురికొస తీసుకుని వీధిలో కొలిచాం. మా కాలనీలో మూడిళ్ళ వరస దాటి నాలుగో ఇంటి దగ్గరికి పోయింది కొస. ఎత్తేమో మా చూరుకంటే పైన. అంత పెద్ద బొమ్మని చెక్కలో చెక్కి, సిరా పూసి, కాగితం మీదికి తీశాడు ఆ మనిషి.

ఇంతకీ బొమ్మలో ఏముంది? ఒక చివర పట్నం. బయటినుంచి చూస్తున్నట్టు కట్టడాలు. అక్కణ్ణించి మన చూపు కిటికీలోంచి ఒక ఇంట్లోకి పోతుంది. లోపల ఆరుగురు నల్లవాళ్ళు కూచుని మాట్లాడుకుంటున్నారు. ఇంకా పక్కకి పోతే పడకగది, పక్క. అయిపోయింది.

ఒకడు కూడా చావలేదు. ఒకణ్ణీ పోలీసు కొట్టట్లేదు. చేతులకి సంకెళ్ళు లేవు. ఎవడూ మైకు ముందు పాట పాడట్లేదు, ఎవడూ బంతి ఆడట్లేదు. నల్లవాళ్ళని చూపించాలంటే తెల్లవాళ్ళ పత్రికలకీ సినిమాలకీ చాలాకాలం అవే కదా కావలసింది: అయితే నేరస్తుడు, అయితే శవం, అయితే ఆటగాడు. ఈ ఆరుగురూ అవేవీ కాదు. ఇంట్లో కూచున్న మనుషులు. అంతే.

మా కుర్రాళ్ళు ఉసూరుమన్నారు. "ఓస్, ఇంతేనా! కూచుని మాట్లాడుకోడానికి యాభై అడుగులు కావాలా?" అన్నారు.

కావాలి. ఎందుకో చెబుతాను.

కూచోవడం చిన్న సంగతి కాదు

మీ తాతని అడగండి, ఉంటే. మీ అమ్మమ్మని అడగండి. ఊళ్ళో ఆసామి వీధిలో నడిచొస్తుంటే, తన సొంత గుడిసె ముందు, తన సొంత నులకమంచం మీద మా తాత కూచోడానికి లేదు. దిగ్గున లేచి నిలబడాలి. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకోవాలి. లెయ్యకపోతే పొగరు. పొగరుకి శిక్ష ఉంటుంది. టీ కొట్టు దగ్గర బల్ల ఊరోళ్ళకి, నేల మనకి. గాజుగ్లాసు వాళ్ళకి, చూర్లో దోపిన గ్లాసు మనకి. బళ్ళో వెనకవరస. పంచాయితీ రచ్చబండ కింద గొంతుక్కూచోవాలి గాని బండెక్కి కూచోకూడదు.

చుండూరు ఎక్కడ మొదలయ్యింది? 1991లో సినిమా హాల్లో మొదలయ్యింది. చదువుకున్న మన కుర్రాడు కుర్చీలో కూచుంటే, కాలు ముందు కుర్చీలో ఉన్న పై కులపోడికి తగిలింది. కాలు తగలడం కాదు అసలు కడుపుమంట. టిక్కెట్టు కొనుక్కుని తనతో సమానంగా కుర్చీలో కూచున్నాడే, అదీ మంట. ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికారు.

అమెరికాలోనూ అంతే. మార్షల్ పుట్టింది 1955లో, అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో. అదే రాష్ట్రంలో, అదే ఏడు డిసెంబరులో, మాంట్‌గొమరీ ఊళ్ళో రోజా పార్క్స్ అనే బట్టలు కుట్టే ఆవిడ బస్సులో తన సీట్లోంచి లేవనంది. తెల్లవాడికి సీటివ్వాలి, లేవమన్నాడు డ్రైవరు. లేవనంది. అరెస్టు చేశారు. ఊళ్ళో నల్లవాళ్ళు ఏడాదిపైన బస్సెక్కలేదు. నడిచారు. ఆ బస్సులో చట్టం మారేదాకా నడిచారు. 1960లో గ్రీన్స్‌బరో అనే ఊళ్ళో నలుగురు నల్ల విద్యార్థులు తెల్లవాళ్ళకి మాత్రమే తిండిపెట్టే కొట్లో బల్లదగ్గర కూచున్నారు. వడ్డించలేదు. అయినా లేవలేదు. మర్నాడు మళ్ళీ వచ్చి కూచున్నారు. రాళ్ళు వెయ్యలేదు, కత్తులు దూయలేదు. కూచున్నారు, అంతే. దానికే దేశం అదిరింది.

ఇప్పుడు ఆ బొమ్మని మళ్ళీ చూడండి. ఆరుగురు కూచున్నారు. ఎవడో వస్తే లేవాలన్న తొందర లేదు. వాళ్ళు కూచున్నది ఎవరింట్లో? తెల్లదొర వరండా మెట్ల మీద కాదు. నల్లవాళ్ళ ఇంట్లో. గోడలున్నాయి, కిటికీ ఉంది, పడుకోడానికి పక్క ఉంది. ఇల్లు, కూచోవడం, మాట్లాడుకోవడం, పడుకోవడం. మనిషికి ఇవి ఉండాలని మనం ఇన్నేళ్ళూ కొట్లాడుతోంది. ఊరేగింపు దారి అయితే, ఇది గమ్యం. దారి బొమ్మలు బోలెడు వేశాం. చేరాల్సిన చోటు బొమ్మ ఒక్కటీ వెయ్యలేదు. ఆ పెద్దావిడ అడిగింది అదే.

ఎవరు పెద్దగా, ఎవరు చిన్నగా

ఇక ఆ కొలత సంగతి. యూరప్‌లో పాతకాలం బొమ్మల్లో ఒక లెక్క ఉండేది. రాజులు, యుద్ధాలు, దేవుళ్ళు అయితే గోడంత బొమ్మ. మామూలు జనం, ఇంటి సంగతులు అయితే చిన్న బొమ్మ. మన దగ్గర మాత్రం తక్కువా? గుడి గోపురం మీద ఎవరు ఎంత? కూడలిలో ఫ్లెక్సీ చూడండి. నాయకుడి మొహం ఆరడుగులు. కింద వరసలో మన కుర్రాళ్ళ తలకాయలు తపాలా బిళ్ళంత. కర్రలు పాతింది మనవాళ్ళు, తాళ్ళు కట్టింది మనవాళ్ళు, ఎండలో నిలబడింది మనవాళ్ళు. ఫ్లెక్సీలో మాత్రం తపాలా బిళ్ళ. దానికే సంబరపడి సెల్లులో ఫోటో తీసుకుంటున్నాం.

మార్షల్ ఆ లెక్కని తిరగేశాడు. రాజుల యుద్ధానికి ఇచ్చే గోడని ఆరుగురు మామూలు నల్లవాళ్ళ కబుర్లకి ఇచ్చాడు. బొమ్మ ముందు నిలబడితే ఒక్క చూపులో పట్టదు. ఈ కొసనుంచి ఆ కొసకి నడవాలి. ఎవరైనా సరే, ఎంత గొప్పోడైనా సరే, నల్లవాళ్ళ ఇంటి వెంట కాళ్ళతో నడిస్తేగాని ఆ బొమ్మ అయిపోదు. మన వాడ మీదుగా నడవడానికి మొహమాటపడే పెద్దమనుషులు ఉన్నారు కదా, వాళ్ళని నడిపించే బొమ్మ అది.

నలుపు మిగిలేది

చెక్కఅచ్చు సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. చదునైన చెక్క తీసుకుంటారు. దాని మీద బొమ్మ గీస్తారు. సన్నటి ఉలులతో చెక్కుతారు. తర్వాత రోలరుతో సిరా రాస్తే, చెక్కకుండా వదిలిన ఎత్తు భాగానికే సిరా అంటుతుంది. గుంటకి అంటదు. పైన కాగితం వేసి గట్టిగా రుద్దితే బొమ్మ దిగుతుంది. కుడిది ఎడమవుతుంది, ఎడమది కుడి అవుతుంది. ఇంకో రంగు కావాలంటే ఇంకో చెక్క చెక్కుకోవాలి. గీత ఒకసారి తెగిందా, మళ్ళీ అతకదు. తుడిచేసి మళ్ళీ వేద్దాం అనడానికి లేదు.

ఇందులో ఒక మర్మం ఉంది. తెల్లకాగితం మీద పెన్సిలుతో గీసేటప్పుడు తెలుపు ముందే ఉంటుంది, నలుపుని మనం తెచ్చి పెడతాం. చెక్కలో అలా కాదు. ఏమీ చెక్కకుండా సిరా పూసి అచ్చుకొడితే కాగితమంతా నలుపే. నలుపే మొదలు. చెక్కిన కొద్దీ తెలుపు వస్తుంది. తొలిచి పారేసింది తెలుపు, గట్టిగా నిలబడింది నలుపు. నల్లమనిషి బొమ్మ చెక్కడానికి ఇంతకంటే తగిన పని ఇంకోటి లేదని నాకనిపిస్తుంది.

మార్షల్‌కి నలుపంటే ఆటకాదు. 1980 నుంచీ ఆయన బొమ్మల్లో మనుషులు గోధుమరంగులో ఉండరు, చామనఛాయలో ఉండరు. కటిక నలుపు. రంగుల పనిలో ఎముకల బొగ్గు నలుపు వేరు, మసి నలుపు వేరు, ఇనప నలుపు వేరు. ఆయన ఆ మూడింటినీ వాడి, వాటిలోనే తేడాలు పట్టి, మొహానికి చెంప, ముక్కు, కనుబొమ్మ తీస్తాడు. తెలుపు కలిపి పలచన చెయ్యడు. నలుపులో ఏమీ కనపడదు అనేవాడికి, నీకు చూడ్డం రాదు అని జవాబు.

మన సంగతి చూసుకుందామా? బాబాసాహెబ్ క్యాలెండర్లు చూడండి. ఏటేటా రంగు తేలిపోతోంది. కొన్నిట్లో బుగ్గలు గులాబీరంగు. మనమే కొంటున్నాం, మనమే గోడకి తగిలిస్తున్నాం. మన పెళ్ళి ఫోటోలు తీసేవాణ్ణి "కాస్త తెల్లగా చెయ్యి బాబూ" అని మనమే బతిమాలుతున్నాం. పిల్ల నలుపంటే కట్నం పెంచుతున్నాం. 1989లో హైదరాబాదు నుంచి పక్షపత్రిక మొదలెట్టినవాళ్ళు దానికి 'నలుపు' అని పేరు పెట్టుకున్నారు. తిట్టుని తీసి జెండాగా ఎగరేశారు. ఆ పేరు చదివి రొమ్ము విరుచుకున్నవాళ్ళమే మనం. ఇంట్లో పౌడరు డబ్బా మాత్రం మారలేదు.

ఈ చుట్టరికం పాతదే

ఎక్కడి అమెరికా, ఎక్కడి మన పల్లె అనేవాళ్ళకి ఒక మాట. ఈ చుట్టరికం మనం ఈరోజు కలుపుకుంటోంది కాదు. మహాత్మా ఫూలే 1873లో 'గులాంగిరి' రాసి, నల్లవాళ్ళని బానిసత్వం నుంచి విడిపించిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. 1946లో బాబాసాహెబ్ అక్కడి నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాశాడు. నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతులు కావాలని అడిగాడు, అంటరానివాళ్ళ స్థితికీ వాళ్ళ స్థితికీ దగ్గరి పోలిక ఉందని రాశాడు. డుబాయిస్ జవాబిచ్చాడు. 1966లో అక్కడ బ్లాక్ పాంథర్లు పుడితే 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు పుట్టారు. పేరు అక్కడిది, కడుపుమంట ఇక్కడిది.

మార్షల్ కూడా ఒంటరిగా పుట్టుకొచ్చినవాడు కాదు. 1963లో బర్మింగ్‌హామ్‌లో ఊరేగింపు చేసిన నల్లపిల్లల మీదికి పోలీసులు కుక్కల్ని వదిలారు, నీటిగొట్టాలు పెట్టి కొట్టారు. ఆ సెప్టెంబరులోనే చర్చిలో బాంబు పెడితే నలుగురు ఆడపిల్లలు చచ్చిపోయారు. ఆ ఏడే మార్షల్ కుటుంబం లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ పేటకి వలసపోయింది. 1965లో ఆ పేటే తిరగబడి తగలబడింది. ఇన్ని చూసిన పిల్లవాడు పెద్దయ్యాక శవాల బొమ్మలే వేస్తాడనుకుంటాం. ఆయన వాటిని మరవలేదు, చచ్చిపోయిన వాళ్ళని తల్చుకునే బొమ్మలూ వేశాడు. కాని బతికున్నవాళ్ళకి గోడంత జాగా ఇచ్చాడు. ఇంత చూసినవాడు చేశాడు కాబట్టే అది తప్పించుకోవడం కాదని నేనంటాను.

ఆయనకి గురువు చార్లెస్ వైట్. పనిమనిషి కొడుకు. ఆ వైట్, ఎలిజబెత్ కాట్లెట్ అనే నల్లజాతి శిల్పి, ఇద్దరూ 1946లో మెక్సికో పోయి అక్కడి ప్రజా అచ్చుశాలలో పనిచేశారు. 1937లో పెట్టిన ఆ అచ్చుశాల రైతులకీ కూలీలకీ చవకగా పోస్టర్లు చెక్కి ఇచ్చేది. కాట్లెట్ తాతముత్తాతలు బానిసలు. ఆమె 1952లో ఒక కౌలుకూలీ ఆడమనిషి బొమ్మ చెక్కింది. నెత్తిన గడ్డిటోపీ, మెడదగ్గర గుండీ ఊడిపోయిన చొక్కాకి పిన్నీసు. ఆ పిన్నీసు చూస్తే మీకు ఎవరు గుర్తొస్తారు? నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నాట్లకి పోయేటప్పుడు జాకెట్టుకి ఎప్పుడూ రెండు పిన్నీసులు.

అడగాల్సిన ప్రశ్నలు

మెచ్చుకున్నాం కదా అని కళ్ళు మూసుకోనక్కర్లేదు.

ఒకటి. గాయాల బొమ్మలు వద్దని నేననట్లేదు. నాగపూర్‌లో పుట్టిన మన సవి సావర్కర్ చేసిన అచ్చుబొమ్మలున్నాయి. పీష్వాల కాలంలో మెడలో ముంత, నడుముకి చీపురు కట్టించిన మనుషులు, దేవదాసీలు. అవి చూస్తే నిద్రపట్టదు. పట్టకూడదు కూడా. ఆ బొమ్మలు లేకపోతే "అబ్బే, అలాంటివి జరగలేదు" అనేవాళ్ళు బయల్దేరతారు. కాని అవి మాత్రమే ఉంటే, మనమంటే గాయమే అని మన పిల్లలే నమ్ముతారు. రెండు కాళ్ళతో నడవాలి. ఇన్నాళ్ళూ ఒంటికాలితో కుంటుతున్నాం అంటున్నా, అంతే.

రెండు. డబ్బు. మార్షల్ 1997లో వేసిన 'గడచిన కాలాలు' అనే రంగుల బొమ్మని చికాగోలోని ప్రభుత్వ సంస్థ ఒకటి 25 వేల డాలర్లకి కొని, 2018లో వేలంలో పెడితే 2 కోట్ల 11 లక్షల డాలర్లు పలికింది. గీసినవాడికి ఆ వేలం సొమ్ములో పైసా రాలేదు. పంట ధర సంగతి తెలిసిన మనకి ఇది కొత్తకాదు. పండించినోడికి ఒక ధర, గోదాములో దాచినోడికి ఇంకో ధర. అదే ఏడు ఇంకోటి జరిగింది. నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే పేటలోని గ్రంథాలయం కోసం ఆయన 1995లో పెద్ద బొమ్మ వేసిచ్చాడు. పిల్లలు పుస్తకాలకేసి చూసే బొమ్మ. దాన్ని అమ్ముకుందామని నగరపాలకులు చూశారు, కోటి డాలర్లకి పైన వస్తుందని. ఆయన గట్టిగా తప్పుబట్టాడు, జనమూ తిట్టారు. చివరికి మేయరు వెనక్కి తగ్గాడు. బొమ్మ దక్కింది. పేదల గ్రంథాలయంలో బొమ్మ ఉంటే అది ఆస్తి అని, ఊరికే అమ్ముకోవచ్చని పాలకులకి ఎందుకు తోచింది? ఆలోచించండి. మన అంబేద్కర్ భవనాల స్థలాల మీద ఎవరి కళ్ళున్నాయో మీకు తెలుసు.

ఆ మనిషి సంగతి ఇంకొకటి చెప్పాలి. వాషింగ్టన్‌లోని పెద్ద చర్చిలో బానిసత్వం నిలవాలని యుద్ధం చేసిన సేనానుల బొమ్మలు అద్దాల కిటికీల్లో ఉండేవి. 2017లో తీసేశారు. వాటి స్థానంలో ఊరేగింపు చేసే నల్లవాళ్ళ బొమ్మలు మార్షల్ గీసిచ్చాడు, 2023లో పెట్టారు. కూలి ఎంత తీసుకున్నాడు? 18 డాలర్ల 65 సెంట్లు. బానిసత్వం రద్దయిన 1865కి గుర్తుగా.

మూడు. ఇది ఆయన్నే అడగాలి. ఆ చెక్కఅచ్చులో ఆరుగురూ మగవాళ్ళే. ఈ మాట నేను చెప్పగానే మా పెద్దావిడ, "మరి కూడెవరు వండారంట?" అంది. నవ్వుకున్నాం గాని నవ్వే మాట కాదు. మగాడు కూచోవడం హక్కు అయినప్పుడు ఆడది కూచోవడం ఎప్పుడు? పొలంలో వంగి, ఇంటికొచ్చి పొయ్యి దగ్గర వంగి, మన సభల్లో కూడా చాప చివర కూచోబెడుతున్నాం. యాభై అడుగుల్లోనూ ఆడమనిషి కూచునే జాగా కనపడలేదు. మనం వేసేదాంట్లో ఆ తప్పు జరగకూడదు.

ఉలి మన చేతిలోనే ఉంది

ఇక చెయ్యాల్సింది. ఆయన బొమ్మ మ్యూజియం గోడకి ఉంది. మనం చూడ్డానికి పోలేం. కాని ఆ పని మనకి చేతకానిదేం కాదు. చెక్క ఎవరి సొత్తు కాదు. పెడనలో కలంకారీ అద్దకానికి టేకు చెక్కలో పువ్వులు, తీగెలు చెక్కే చేతులు మన జిల్లాల చేతులే. మన ఊరి వడ్రంగి దగ్గర ఉలి ఉంది. మెత్తటి ప్లైవుడ్డు ముక్క చాలు. ప్రెస్సు అక్కర్లేదు. చిన్న బొమ్మయితే గరిటె వెనక భాగంతో రుద్దితే దిగుతుంది. పెద్దదయితే? మలేసియాలోని సబా ప్రాంతంలో పంగ్రోక్ సులాప్ అని ఒక బృందం 2010 నుంచీ పనిచేస్తోంది. సిరా రాసిన పెద్ద చెక్కల మీద గుడ్డ పరిచి, వాయిద్యం పెట్టుకుని, జనమంతా పైకెక్కి చిందులేస్తారు. కాళ్ళ బరువుకి బొమ్మ దిగుతుంది. డప్పు ఉన్న వాడకి ఇంకేం కావాలి? ఒక్కటే జాగ్రత్త. అక్షరాలు చెక్కేటప్పుడు తిరగేసి చెక్కాలి. మా కుర్రాళ్ళు మొదటిసారి 'జై భీమ్' తిన్నగా చెక్కారు, అచ్చులో అద్దంలో చూసినట్టు తిరగబడింది. రెండో చెక్క పాడవలేదు.

ఒక్కసారి చెక్కితే వంద ప్రతులు తియ్యొచ్చు. ఫ్లెక్సీ వానకి చిరిగితే మళ్ళీ డబ్బు. చెక్క ఇంట్లో ఉంటుంది. పక్క ఊరికి అరువివ్వొచ్చు. ఏ నాయకుడి దగ్గరా చెయ్యి చాపక్కర్లేదు, కింద ఆయన పేరు వెయ్యక్కర్లేదు.

మా గోడ మీద ఏం వేశామంటారా? గోడకి ఒక పక్క మన అమరుల పేర్లు రాశాం. అవి ఉండాల్సిందే. మిగతా గోడంతా ఆ పెద్దావిడ నులకమంచం మీద కూచున్న బొమ్మ, చుట్టూ ఇరుగుపొరుగు ఆడవాళ్ళు. నాలుగు చెక్కలు చెక్కి గుడ్డ మీద అచ్చుతీసి అతికించాం. మనిషి ఎంత ఉందో బొమ్మలో అంతకి రెండింతలుంది. రంగు కలపలేదు. నలుపే.

చెక్కే ముందు కుర్రాళ్ళు కాగితం మీద గీసి ఆమెకి చూపించారు. చాలాసేపు చూసింది. కాళ్ళు ముడుచుకుని, ఒదిగి కూచున్నట్టు గీశారు వాళ్ళు, ఆమె ఎప్పుడూ కూచునేది అలాగే కాబట్టి.

"ఇట్టా కాదురా. కాళ్ళు సాపుకున్నట్టు ఎయ్యండి" అంది.

అలాగే వేశాం. మీ ఊళ్ళో మీరూ వెయ్యండి.

జై భీమ్.